రిహానా కోసుకుపోయిన ఫొటో

మా షాపు పైన కట్టిన ఫ్లెక్సీకి కుడివైపు ఒక బొక్క ఉంది. జానెడు వెడల్పు, జానెడు ఎత్తు, నలుచదరంగా, కొలత పెట్టి కోసినట్టు ఉంటుంది. జమ్మలమడుగు బస్టాండులో దిగి జిరాక్సు కోసం వచ్చేవాళ్లు ముందు ఆ బొక్కను చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. ఎలుక కొట్టిందా అని ఒకాయన అడిగాడు. ఎలుకలు స్కేలు పెట్టుకుని కొరుకుతాయా అని కసిరాను. అది చేసింది రిహానా. ఎవరూ అడగకపోయినా ఆ పిల్ల సంగతి చెబుతాను. ఎందుకంటే ఊళ్లో చెప్పుకుంటున్నదాంట్లో సగం అబద్ధం, ఆ అబద్ధాన్ని పుట్టించింది నేనే.

నా పేరు రామమోహన్, ఊళ్లో అందరికీ శెట్టిని. మా అన్నలిద్దరూ ప్రొద్దుటూరులో బంగారం అంగళ్లు పెట్టుకుని ఏసీలో కూర్చుంటారు. చదువుకున్నవాణ్ణని పేరు తెచ్చుకున్నందుకు నేను మాత్రం జమ్మలమడుగులో నెట్ సెంటరు పెట్టుకుని చెమటలో కూర్చుంటాను. రెండు జిరాక్సు మిషన్లు, మూడు కంప్యూటర్లు, నా భార్య మాధురి, అంతే నా సంస్థానం. ఎండాకాలం వచ్చిందంటే ఎంసెట్ అనీ ఇంకో సెట్ అనీ ఊరంతా నా మీదే పడుతుంది. పేరు, పుట్టిన తేదీ, ఆధారు, కులం కొట్టీ కొట్టీ నా వేళ్లు వాటంతటవే పోతుంటాయి. మధ్యలో ఎవరైనా ఏదైనా అడిగితే ఒళ్లు మండుతుంది. "గమ్మునుండప్పా, నేను చూసుకుంటా" అంటాను. పదిహేనేళ్లుగా అదే మాట.

రిహానా వాళ్లది కొండాపురం పక్క ముంపు కాలనీ. డ్యాం నీళ్లలో ఊరు మునిగాక కొత్తగా వెలసిన కాలనీలో వాళ్లకూ ఒక ఇల్లు ఉంది. నాయన నూరుల్లా కువైట్‌లో ఎవరింట్లోనో కారు నడుపుతాడు. తల్లి ఖమ్రున్నీసా తెల్లారక ముందే లారీ ఎక్కి పులివెందుల తోటల్లో చీనీకాయలు, అంటే బత్తాయిలు, కోయడానికి పోతుంది. రిహానా మా ఊరి ప్రభుత్వ కాలేజీలో తెలుగు మీడియంలో బైపీసీ చదివింది. మా షాపుకు రాకముందు ఏడాది ఎంసెట్‌లో కొద్దిలో ర్యాంకు తప్పిపోయింది. అగ్రికల్చర్ బీఎస్సీ తప్ప ఇంకేదీ వద్దని, ఇంట్లోనే కూర్చుని ఏడాదంతా మళ్లీ అవే పుస్తకాలు చదివింది. నాయన ఆ ఒక్క ఏడాదికే ఒప్పుకున్నాడు. ఈసారి సీటు రాకపోతే జూన్ నుంచి తల్లి వెనకాలే ఆ లారీ ఎక్కాలి. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. దరఖాస్తు నింపిన రోజు నేను చూసింది ఆమె పేరు ఒక్కటే.

హాల్ టికెట్లు వచ్చిన రోజు పరీక్షకు ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి. షాపులో కాలు పెట్టే చోటు లేదు. రిహానా నంబరు కొట్టి ప్రింటు తీసి చేతిలో పెట్టాను. తీసుకుని పోతుందనుకుంటే, కౌంటరు ముందే నిలబడి అక్షరం అక్షరం చదవడం మొదలుపెట్టింది.

"మామా, కర్నూలు పడిందేంది? నేను ప్రొద్దుటూరు కదా అడిగింది?"

"యాడ పడితే ఆడ రాయాల. రొంత పక్కకు జరుగు పాపా, వెనకాల జనం ఉండారు."

"ఈడ ఉర్దూ అని ఉండాదే!"

"ఉర్దూ పేపరు కర్నూల్లోనే పెడతారంట. అందుకే ఆడ పడింది."

"నాకు ఉర్దూ పేపరెందుకు? నాకు ఉర్దూ చదవను రాదు."

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది, కానీ ఆ రోజు నిజంగానే నవ్వొచ్చింది. "సాయిబుల పిల్లవు, ఉర్దూ రాదంటావేంది?"

"ఇంట్లో మాట్లాడతాం మామా. ఖురాన్ చదవను వస్తాది, దాంట్లో అక్షరాలకు గుణింతాల గుర్తులు పెట్టి ఉంటాయి, ఉర్దూలో పెట్టరు. ఉర్దూ పుస్తకం నేను ఎప్పుడూ తెరిచి చూడలా. సైన్సంతా నేను తెలుగులోనే చదివినా. ఎవురు పెట్టినారు ఇది?"

ఇక్కడ నేను ఆడింది పచ్చి అబద్ధం. "నువ్వు చెప్తేనే పెట్టినా. ప్రింటు మీద సంతకం కూడా చేసినావు."

"నేను చెప్పలా! నువ్వు ఈడ ఈడ అని వేలు పెట్టి చూపిచ్చినావు, నేను చేసినా!"

"చదువుకోకుండా సంతకం చేసి ఇప్పుడు నా మీద పడతాండావా?"

వెనక నిలబడ్డవాళ్లు నా పక్షమే మాట్లాడారు. చదువుకునే పిల్ల చూసుకోవద్దా అని ఒకడు, వీళ్లింతేలే అని ఇంకొకడు. జిరాక్సు మిషన్ దగ్గరున్న మాధురి లేచింది. మా షాపులో ఒక పద్ధతుంది. దరఖాస్తు కొట్టకముందు ఎవరి వివరాలు వాళ్లచేతే తెల్లకాగితం మీద రాయించి, పని అయ్యాక ఇనప ఊచకు గుచ్చేస్తాం. మాధురి ఆ ఊచలోంచి కాగితాలన్నీ దూసి, వెతికి, ఒకటి బయటికి లాగింది. అందరి ముందూ గట్టిగా చదివింది.

"షేక్ రిహానా. మీడియం, తెలుగు. కింద గీత కూడా కొట్టింది. ఏమయ్యా, ఇదేంది?"

పెళ్లామే పరువు తీస్తే మగవాడికి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. "ఇంతమందికి కొడతాంటే ఒకటి తప్పు పోదా?" అని అరిచాను. మార్చుకునే గడువు అప్పటికే దాటిపోయింది. అయినా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. అరగంట పాట వినిపించి, ఇక కుదరదని ఒకావిడ మర్యాదగా చెప్పి పెట్టేసింది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే ఓదార్చి పంపించడం నాకు తెలుసు. ఆ పిల్ల ఏడవలేదు. నేరుగా రెండో కంప్యూటర్ దగ్గరికి పోయి, అక్కడ పాటలు వింటున్నవాణ్ణి లేపి, ఆ కుర్చీలో కూర్చుంది.

"పరీక్ష దాకా ఈ కుర్చీ నాది. ఉర్దూ ఎట్లా చదవలేను. పక్కనే ఇంగ్లీషు ఉంటాది కదా, అది చదువుతా. నువ్వు నేర్పియ్యాల."

"నేనేమన్నా అయ్యవారినా?"

"కాదు. చెడగొట్టింది నువ్వు. అందుకే అడుగుతాండా. లేదంటే ఈ కాగితం తీసుకోని పోయి, పొద్దస్తమానం నీ అంగడి ముందరే కూర్చుంటా. వచ్చినోళ్లకల్లా చూపిస్తా."

చేస్తుంది. మొహం చూస్తేనే తెలిసిపోయింది. సీజన్లో మూడు కంప్యూటర్లలో ఒకటి అలా పోయింది. పొద్దున తొమ్మిదికి బస్సు దిగేది, సాయంత్రం ఆరుకు బస్సెక్కేది. మధ్యలో నాతో ఒక్క మంచి మాట లేదు. నేనూ మాట్లాడలేదు. మాధురి అన్నం పెడితే తినేది, నేను టీ తెప్పిస్తే ముట్టుకునేది కాదు.

మొదటి రెండు రోజులు పాత పేపర్లు తీసిచ్చాను. వాటిలో ప్రతి ప్రశ్నా ఇంగ్లీషులోనూ, దాని కింద తెలుగులోనూ ఉంటుంది. ఇంగ్లీషు చదువుతానని కూర్చునేది గానీ కళ్లు తెలుగు మీదికి జారిపోయేవి. అన్నీ వచ్చేస్తున్నాయని మురిసిపోయేది. అది చూసి మాధురి ఒక పని మొదలుపెట్టింది. తెలుగు వరసల మీద తెల్లకాగితం ముక్కలు అంటించి, ఆ పేజీని జిరాక్సు తీసి, వట్టి ఇంగ్లీషు మిగిలేలా చేసి ఇచ్చింది. షాపు మూసేలోపు రోజుకు ఒక పేపరు అలా తయారయ్యేది. నా జిగురు, నా కాగితం, నా ఇంకు అని మనసులో సణుక్కున్నాను. పైకి అనే ధైర్యం లేదు.

ఆ పిల్ల చదువు చూడాలి మీరు. చదువు కాదు, తగాదా. చెడిపోయిన జిరాక్సు కాగితాల వెనక ఇంగ్లీషు మాటలు రాసుకుని ఒక్కొక్కదాన్నీ తిట్టేది.

"స్టొమాటా అంట. పత్రరంధ్రాలంటే ఏం పాయ వీళ్లకు? పత్రానికి రంధ్రాలు, వింటానే తెలుస్తాది. స్టొమాటా అంటే కడుపుకొచ్చిన రోగం మాదిరి ఉండాది."

"అది స్టొమాటా కాదు, స్టోమేటా," అన్నాను నేను ఉండబట్టలేక.

"పరీక్ష నోటితో రాయను మామా. నువ్వు పలికినా పలకకపోయినా కంప్యూటరుకు వినపడదు."

తెలుగు పుస్తకం ఆమెకు పేజీ పేజీ నోటికి వచ్చు. నేను త్వరణం ఎక్కడుందంటే, ఎడమ పేజీలో పైన, బండి బొమ్మ పక్కన అనేది. ఇంగ్లీషు మాటను తీసుకుపోయి ఆ బండి బొమ్మ పక్కన పెట్టుకునేది. కాలేజీలో నాకు చెప్పిన సార్లకు ఈ పద్ధతి తెలిసుంటే నేనూ డిగ్రీ పూర్తి చేసేవాణ్ణి. ఇది ఎవరితోనూ అనకండి, చదువుకున్నవాణ్ణని ఊళ్లో నాకు పేరుంది.

ఆరో రోజున నూట అరవై ప్రశ్నల పేపరు మూడు గంటలు పెట్టాం. యాభై ఎనిమిది వచ్చాయి. తప్పు పోయిన వాటిలో ముప్పై దాకా ఆమెకు బాగా తెలిసినవే. 'వీటిలో కానిది ఏది' అని అడిగిన చోటల్లా 'అయినది ఏది' అనుకుని గుర్తు పెట్టింది. నాకు నోరు ఊరుకోదు కదా.

"బాగుంది పాపా. మీ వాళ్లకు ఉర్దూ రాదు, ఇంగ్లీషు రాదు. ఇంకేం వస్తాది మీకు?"

కాగితాలన్నీ నా మొహాన కొట్టింది. షాపులో ఇంకా నలుగురున్నారు. "గుళ్లో అయ్యవారు చదివేది నీకు అర్థమైతాదా? సంస్కృతం నీ భాష కాదా? నిన్ను సంస్కృతంలో పరీక్ష రాయమంటే రాస్తావా? చెప్పు!"

ఆమె అక్కడితో ఆగలేదు.

"మా ఊరు మునిగేటప్పుడు సర్వేకి అగ్రికల్చరు ఆఫీసరొకాయన వచ్చినాడు. జీపు దిగలా. మా చీనీతోటను చూడకుండానే మెట్ట అని రాసుకోని పాయ, తోటకు పరిహారం రాలా. మా నాయన వెనకాల పరిగెత్తి పిలిచినా అద్దం దించలా. నేను చిన్నపిల్లను, గట్టు మీద నిలబడి చూసినా. ఆ జీపులో నేను కూర్చోవాల మామా. కూర్చోని, దిగాల. అందుకే ఈ చదువు. నీ మాదిరి కుర్చీలో కూర్చోని పేరు చూసి టిక్కులు కొట్టేదానికి కాదు."

సమాధానం దొరకకపోతే నాకు ఇంకా కోపం వస్తుంది. ఆ కోపంతోనే నల్ల మార్కర్ తీసుకుని, రెండో కంప్యూటర్ వెనక గోడ మీద ఇంతింత అక్షరాలతో ఇంగ్లీషులో నాలుగు మాటలు రాశాను. నాట్, ఇన్‌కరెక్ట్, ఎక్సెప్ట్, ఫాల్స్. "ముందు ఈ నాలుగూ ఉండాయేమో వెతుకు. ఉంటే బల్ల మీద చరుచు. చరిచినాకనే జవాబు చూడు. ల్యాకపోతే లారీ ఎక్కు, నాకేం."

లారీ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. కానీ ఆ మధ్యాహ్నం నుంచి బల్ల చరచడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు జిరాక్సుకొచ్చిన వాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. ఎనిమిదో రోజుకు ఎనభై దాటింది. పదో రోజున నూట తొమ్మిది. ఆ కాగితం దిద్ది పక్కన పెట్టి, నేను బయటికి పోయి రెండు సోడాలు తాగి వచ్చాను. సంతోషమేసింది, ఎందుకు దాచాలి?

సంచి సర్దుకుంటుంటే అడిగాను, "కర్నూలుకు తోడు రానా పాపా?"

"నువ్వొస్తే ఆడ ఇంకేం టిక్కు కొడతావో. మా అమ్మ వస్తాది. మా ఖాలా వాళ్ల ఇల్లు ఉండాది ఆడ." మాధురికి మాత్రం "పోయొస్తా అక్కా" అని చెప్పి బస్సెక్కింది.

పరీక్ష రాసింది. ఎలా రాసిందో మాకు కబురు లేదు. ఫలితాలు వచ్చిన రోజు పొద్దున్నే నా కంప్యూటర్లో ఉన్న ఆమె నంబరు నేనే కొట్టి చూశాను. ర్యాంకు చూసి గుండె గంతేసింది. "మాధురీ, వచ్చిందే! సీటు గ్యారంటీనే!" అని వీధిలోకి వినపడేలా అరిచాను. వెంటనే ఫోన్ చేస్తే, "తెలుసు" అని పెట్టేసింది. కౌన్సెలింగ్‌కు మా షాపుకు వస్తుందని రెండో కంప్యూటర్ తుడిపించి పెట్టాను. రాలేదు. ప్రొద్దుటూరులో ఇంకెవరి దగ్గరో పెట్టించుకుందని, అగ్రికల్చర్ సీటు వచ్చిందని కాలనీవాళ్లు చెప్పారు. ఒళ్లు మండిపోయింది. పది రోజులు నా కుర్చీ, నా కరెంటు, నా పెళ్లాం చేతి అన్నం, చివరికి ఇంకొకడి దగ్గరికా?

అప్పుడే ఆ ఫ్లెక్సీ వేయించాను. దరఖాస్తుకు పెట్టిన ఫొటో నా దగ్గర ఉండనే ఉంది. దాన్ని పెద్దది చేయించి, కింద 'మా సెంటర్‌లో శిక్షణ పొంది అగ్రికల్చర్ సీటు సాధించిన విద్యార్థిని' అని రాయించాను. అడిగినవాళ్లకు కథ కూడా చెప్పాను. ఎవరో వెధవ ఉర్దూ అని పెడితే, నేను ఇంగ్లీషు నేర్పించి గట్టెక్కించానని. ఆ వెధవ ఎవరో చెప్పలేదు. ఆ వారం నలుగురు తండ్రులు వాళ్ల పిల్లలకు కోచింగ్ ఇస్తానా అని అడిగారు. నేను కాదనలేదు కూడా.

నాలుగో రోజు పొద్దున షట్టర్ ఎత్తుతుంటే మొదటి బస్సులోంచి రిహానా దిగింది. లోపలికి పోయి స్టూలు తెచ్చుకుని, ఎక్కి, సంచిలోంచి కత్తెర తీసింది. చీనీకాయలు తొడిమతో కోసే పొట్టి కత్తెర, వాళ్లమ్మది. బస్టాండులో ఉన్నవాళ్లంతా లేచి నిలబడి చూస్తున్నారు.

"మ్మేయ్, ఏం చేస్తాండావు? దిగు! కొత్త ఫ్లెక్సీ అది!"

ఆమె తొందరపడలేదు. పైన అడ్డంగా, తర్వాత రెండు పక్కలా, తర్వాత కింద, వంకర పోకుండా కోసింది. నా సెంటరు పేరు ఒక్క అక్షరం చెడలేదు. ఫొటో చేతిలోకి వచ్చాక చుట్టి సంచిలో పెట్టుకుంది.

"నీ మంచికే కదా పాపా," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. "ఊళ్లో పేరొస్తాదని."

స్టూలు దిగి నా ఎదురుగా నిలబడింది. అంత దగ్గరగా ఆమె నా మొహంలోకి చూడడం అదే మొదటిసారి.

"నువ్వు నన్ను అడగలా మామా. అప్పుడూ అడగలా, ఇప్పుడూ అడగలా."

అంతే. స్టూలు తీసుకుపోయి లోపల దాని చోట పెట్టింది. మాధురి దగ్గర రెండు నిమిషాలు నిలబడి ఏదో చెప్పింది. తర్వాత కొండాపురం బస్సు ఎక్కి పోయింది. మళ్లీ మా షాపు గుమ్మం తొక్కలేదు.

ఆ రోజంతా ఆ పిల్లను తిట్టాను. విశ్వాసం లేని మనిషి అన్నాను, పొగరు అన్నాను. మాధురి విన్నంతసేపు విని, "అయిపోయిందా? కాగితాలు అయిపోయినాయి, తెచ్చుకో పో" అంది. కొత్త ఫ్లెక్సీ వేయిద్దామని రెండుసార్లు బయల్దేరి వెనక్కి వచ్చాను. గోడ మీద నాలుగు మాటలూ ఇంకా ఉన్నాయి. ఆ పిల్లంటే నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఎవరైనా ఆ కథ మళ్లీ చెప్పమంటే, ఉర్దూ పెట్టిన వెధవ ఎవరో కూడా చెబుతున్నాను.

ఈ ఏడు దరఖాస్తులు మొదలైన రోజున అలీ అహ్మద్ అనే ఆయన ముద్దనూరు నుంచి వచ్చాడు. కూతురు వివరాలున్న కాగితం కౌంటరు మీద పెట్టి తొందరపడుతున్నాడు. కూతురు బయట నీడలో నిలబడి ఉంది. వెనకాల మామూలుగానే జనం. పేరు కొట్టాను, తండ్రి పేరు కొట్టాను, పుట్టిన తేదీ కొట్టాను. కాగితంలో మీడియం రాయలేదు. తల ఎత్తి చూసేసరికి నా వేలు అప్పటికే ఉర్దూ మీద ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "పాప ఏ మీడియం?"

"అదేంది శెట్టీ," అన్నాడాయన విసుగ్గా. "పేరు చూస్తే తెల్దా?"

"తెల్దప్పా," అన్నాను. "పాపను పిలువు."